1962 నుంచి మొదలుపెట్టు

అమ్మాయికి ఆశీస్సులు.

అమెరికాలో టెక్సస్ రాష్ట్రానికి చెందిన నల్లజాతి నాయకురాలు బార్బారా జోర్డన్ గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నీకు చక్కగా లొంగుతోంది. కానీ కథను 1974 జూలై 25 రాత్రి దగ్గర ఎత్తుకున్నావు. అధ్యక్షుడు నిక్సన్‌ను పదవి నుంచి తొలగించే అభిశంసన మీద కాంగ్రెస్ (అమెరికా జాతీయ చట్టసభ) న్యాయ కమిటీలో ఆమె చేసిన ప్రసంగానికి, ఆ గంభీరమైన గొంతుకు పేజీలు ఇచ్చావు. ఆమె ఆ గదిలోకి ఎలా వచ్చారో మాత్రం "టెక్సస్ సెనేట్‌లో పనిచేసి కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు" అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. నాకు బాధ కలిగింది అక్కడే.

1962లో, 1964లో ఆమె రాష్ట్ర ప్రతినిధుల సభకు పోటీచేసి ఓడిపోయారు. ఎందుకు ఓడిపోయారో రాయి. హ్యూస్టన్ నగరం ఉన్న హారిస్ కౌంటీలో (మన జిల్లా లాంటిది) అప్పట్లో ప్రతి స్థానానికీ కౌంటీ ఓటర్లంతా ఓటేసేవారు. నల్లజాతి పేటలు ఎంత గట్టిగా వెంట నిలిచినా, తెల్లజాతి ఓట్ల మధ్య ఆ ఓట్లు ఏట్లో కలిపిన చింతపండు అయ్యేవి. తర్వాత, నియోజకవర్గాలు జనాభా ప్రకారం ఉండాలని సుప్రీంకోర్టు చెప్పడంతో టెక్సస్ హద్దులు మళ్లీ గీసింది. అలా ఏర్పడిన స్థానం నుంచి 1966లో ఆమె రాష్ట్ర సెనేట్‌కు గెలిచారు. 1883 తర్వాత ఆ సభలో అడుగుపెట్టిన తొలి నల్లజాతి మనిషి ఆమే. మొత్తం 31 మందిలో ఏకైక మహిళ.

ఆ ఆరేళ్లను తొందరపడి దాటకు. సభా నియమాలు ఒంటబట్టించుకుని, తనను వద్దనుకున్నవాళ్లతోనే మాట కలిపి, టెక్సస్ తొలి కనీస వేతన చట్టానికి పాటుపడ్డారు. 1972లో కాంగ్రెస్ సీటుకు పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రాథమిక ఎన్నికలో ఆమెతో తలపడిన కర్టిస్ గ్రేవ్స్ కూడా నల్లజాతి శాసనసభ్యుడే. తెల్లజాతి నాయకులతో రాజీపడి ఆమె ఆ సీటు సంపాదించుకున్నారని ఆయన ఆరోపించారు. నువ్వు ఆ సంగతి వదిలేశావు. అభిమానం కొద్దీ వదిలావని తెలుసు, అయినా ఉండాలి. నియోజకవర్గాల గీతలు గీసేవాళ్ల సరసన కూర్చోవడం ఎలాంటి పనో పాఠకుడికి అప్పుడే తెలుస్తుంది.

ఇదంతా రాశాక ఆ ప్రసంగానికి వెళ్లు. రాజ్యాంగం రాసినప్పుడు "ప్రజలమైన మేము" అన్న మాటలో తాను లేనని, సవరణల వల్ల, వ్యాఖ్యానాల వల్ల, కోర్టు తీర్పుల వల్ల చివరికి అందులో చేరానని ఆమె అన్నారు. నువ్వు దాన్ని అందమైన వాక్యంగా మెచ్చుకున్నావు. కోర్టు తీర్పు వల్లే సభలోకి రాగలిగిన మనిషి ఆ మాట అంటున్నారమ్మా! అది ఆమె స్వానుభవం. మరుసటి ఏడాదే, 1975లో, జాతి వివక్షతో ఓటును అడ్డుకోకుండా చూసే ఓటు హక్కు చట్టం ప్రత్యేక రక్షణలను టెక్సస్‌కూ, స్పానిష్ మాట్లాడే ఓటర్లకూ వర్తింపజేయడానికి ఆమె ఎందుకు అంతగా పట్టుబట్టారో కూడా ఇక్కడి నుంచే తెలుస్తుంది.

హారిస్ కౌంటీ పాత పటమూ, 1966 నాటి పటమూ పక్కపక్కన పెట్టుకుని కూర్చో. తిరగరాసింది వచ్చే నెలలో పంపు, ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
నీ మాస్టారు