రెమ్కోని చూసి ఇంజనీరింగ్ వద్దంటున్న మీ తమ్ముడికి

మీ ప్రశ్న ఇదీ: తమ్ముడికి 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. రోజూ తెల్లారకముందే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీద తొక్కుతున్నాడు. "బెల్జియం సైక్లిస్టు రెమ్కో ఎవెనెపూల్ కూడా నా వయసులోనే మొదలుపెట్టి రెండేళ్లు తిరక్కుండా ప్రో (ప్రొఫెషనల్) అయ్యాడు, నేనూ అవుతా, ఇంజనీరింగ్ వద్దు" అంటున్నాడు. ఇది జరిగే పనేనా అని అడిగారు.

నేను కోచ్‌ని కాదు. బెల్జియంలో, లూవెన్ ఊళ్లో, పదకొండేళ్లుగా ఉంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా అబ్బాయి ఇక్కడ ఒక చిన్న క్లబ్బు తరఫున నాలుగేళ్లు రేసులు తొక్కాడు. ఆ నాలుగేళ్లూ ఆదివారాలు నేనే డ్రైవర్ని, నీళ్ల బాటిళ్ల మనిషిని, వీపు మీద నంబరు పిన్నీసులతో గుచ్చే మనిషిని. ఆ అర్హతతోనే చెబుతున్నాను.

ముందు రెమ్కో సంగతి. తమ్ముడు చెప్పిన లెక్కలో తప్పేమీ లేదు. 2000 జనవరిలో పుట్టాడు, 2017లో సైకిల్ రేసుల్లోకి వచ్చాడు. 2018లో జూనియర్ యూరప్ ఛాంపియన్‌షిప్‌లో రోడ్ రేసు, టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రేసు) రెండూ గెలిచాడు. అదే ఏడాది ఇన్స్‌బ్రుక్‌లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనూ రెండూ అతనివే. యూరప్ రోడ్ రేసులో రెండోవాడు వచ్చేసరికి తొమ్మిది నిమిషాలు దాటింది. ఆలోపు గెలిచినవాడు టీ తాగి కప్పు కడిగి బోర్లించేయొచ్చు. ఇన్స్‌బ్రుక్‌లో అయితే దారిలో ఎవరో పడిపోతే చిక్కుకుని రెండు నిమిషాలు వెనకబడ్డాడు, అయినా అందరినీ అందుకుని దాటి ఒక్కడే గీత దాటాడు. జూనియర్ల తర్వాత వచ్చే అండర్-23 మెట్టు ఎక్కకుండానే 2019లో క్విక్‌స్టెప్ అనే బెల్జియం ప్రో టీమ్‌లో చేరాడు. ఆ ఆగస్టు 3న స్పెయిన్‌లో జరిగే ఒక్కరోజు రేసు శాన్ సెబాస్టియన్ క్లాసిక్ గెలిచాడు, 19 ఏళ్లకి.

తమ్ముడు వదిలేసింది దీనికి ముందున్న కథ. రెమ్కో ఐదేళ్ల వయసులో ఆండర్లెక్ట్ ఫుట్‌బాల్ క్లబ్బులో చేరాడు. తర్వాత నెదర్లాండ్స్ వెళ్లి పీఎస్‌వీ ఐండ్‌హోవెన్‌లో ఉన్నాడు, బెల్జియం అండర్-15, అండర్-16 జట్లకు ఆడాడు. అంటే పదిహేడేళ్లకు అతను కొత్తగా ఎక్కింది సైకిలే గానీ, గుండె, ఊపిరితిత్తులు అప్పటికే పన్నెండేళ్లుగా పనిలో ఉన్నాయి. పైగా తండ్రి పాట్రిక్ 1990ల్లో ప్రొఫెషనల్ సైక్లిస్టు. ఏ రేసుకి వెళ్లాలి, ఎవరితో మాట్లాడాలి అన్నది ఆ ఇంట్లో ఎవరినీ అడగక్కర్లేదు. నేను మాత్రం మొదటి ఏడాది లైసెన్సు ఫారం నింపడానికే ముగ్గురిని బతిమాలాను.

ఇప్పుడు మావాడి కథ, ఎందుకంటే మీ తమ్ముడికి పనికొచ్చేది ఇదే. ఇక్కడ 15, 16 ఏళ్ల పిల్లల విభాగాన్ని 'న్యూవెలింగెన్' అంటారు, కొత్తవాళ్లు అని అర్థం. వేసవిలో ప్రతి పల్లెలో జాతర లాంటిది జరుగుతుంది, దాని పేరు కెర్మిస్. ఆ రోజు ఊరి చుట్టూ ఏడెనిమిది కిలోమీటర్ల చుట్టు వేసి సైకిల్ రేసు పెడతారు. పేరు నమోదు చేసుకునేది ఊరి బీరు కొట్లో. ఒక పక్క ముసలాళ్లు పొద్దున్నే గ్లాసులు పెట్టుకుని కూర్చుంటారు, ఇంకో పక్క పిల్లలు సంతకం పెట్టి నంబర్లు తీసుకుంటారు, వీధంతా బంగాళదుంప వేపుళ్ల వాసన.

మావాడు ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని కదలకుండా బిగించి తొక్కే స్టాండు) మీద తొక్కితే అంకెలు బ్రహ్మాండంగా ఉండేవి. క్లబ్బులో తనకన్నా ఎక్కువ వాట్ల బలంతో తొక్కేవాళ్లు ఇద్దరే అని తెగ పొంగిపోయాడు. మొదటి కెర్మిస్‌లో మూడో చుట్టుకే గుంపు వదిలేసింది. రెండో దానిలోనూ అంతే. మూడోదానిలో నాలుగో చుట్టు దాకా ఉన్నాడు, ఆ రోజు ఇంట్లో పాయసం చేశాం. కాళ్లలో బలం లేక కాదు. గుంపులో ముందువాడి చక్రం చాటున ఉంటే గాలి తగలదు, హాయిగా వెళ్లిపోవచ్చు. చిక్కంతా మలుపుల దగ్గరే. ముందున్న పదిమంది బ్రేకు పట్టకుండా తిరిగిపోతారు. వెనకున్నవాళ్లు ఒకరి మీద ఒకరు పడకుండా బ్రేకు పడతారు, మలుపు తిరిగాక పోయిన వేగం కోసం నిలబడి తొక్కుతారు. చుట్టుకి పది మలుపులుంటే పదిసార్లు ఈ పరుగు తప్పదు. రేసు యాభై కిలోమీటర్లయితే వెనకున్నవాడు డెబ్బై తొక్కినంత అలిసిపోతాడు. మరి ముందుకు వెళ్లొచ్చు కదా అంటే, అక్కడికి వెళ్లాలని మిగతా అరవైమందికీ ఉంటుంది. భుజం భుజం రాసుకుంటూ, పక్కవాడి హ్యాండిల్ మోచేతికి తగులుతుంటే భయపడకుండా ఉండటం ఇక్కడి పిల్లలకి ఎనిమిదేళ్ల నుంచే అలవాటు. మావాడు పద్నాలుగేళ్లకు మొదలుపెట్టాడు. రెండో ఏడాది ఒక మలుపులో ఆ తేడా కనబడింది, కాలర్ బోన్ విరిగింది.

అందుకే ఔటర్ ట్రాక్ గురించి నాకు కాస్త అనుమానం. 23 కిలోమీటర్లు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, లారీల భయం లేదు. గుండెకీ కాళ్లకీ అంతకన్నా మంచి చోటు మన దగ్గర లేదేమో. కానీ గుంపు, మలుపు, మోచేతులు అక్కడ దొరకవు.

ఆ మాటకొస్తే రెమ్కోకి కూడా ఈ చదువు ఆలస్యంగానే అయింది. 2020 ఆగస్టు 15న ఇటలీలో ఇల్ లొంబార్దియా రేసులో, సొర్మానో దిగుడులో వంతెన గోడకి తగిలి కింద లోయలో పడ్డాడు. కటి ఎముక విరిగింది, తొమ్మిది నెలలు రేసు ముఖం చూడలేదు. 2021 మేలో తిరిగి వచ్చింది నేరుగా మూడు వారాల జిరో ద ఇతాలియాకి. మోంటాల్చినో స్టేజిలో (స్టేజి అంటే అందులో ఒక రోజు రేసు) మట్టిరోడ్లు రాగానే వెనకబడి రెండు నిమిషాలకు పైగా పోగొట్టుకున్నాడు. తర్వాత ఒక దిగుడులో మళ్లీ పడి రేసు వదిలేశాడు. మోంటాల్చినో రోజు టీవీ చూస్తూ మావాడు, "అతనిక్కూడా నాలాగే ఉంది నాన్నా" అన్నాడు. కాలర్ బోన్ విరిగాక మావాడు అంత కులాసాగా మాట్లాడింది ఆ రోజే.

అదే ఏడాది సెప్టెంబరులో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మా ఊరికే వచ్చింది. ఆఫీసుకి సెలవు పెట్టి శుక్రవారం అండర్-23 రేసు, ఆదివారం పెద్దల రేసు రోడ్డు పక్కన నిలబడి చూశాం. ఆదివారం బెల్జియం అంతా వౌట్ వాన్ ఆర్ట్ గెలుస్తాడని ఎదురుచూసింది. రెమ్కో అతని కోసం గంటల తరబడి ముందుండి లాగాడు. చివరికి ఫ్రాన్స్‌వాడు అలాఫిలిప్ గెలిచాడు, మా ఊరివాడు స్టైవెన్ నాలుగో స్థానంలో వచ్చి పతకం పోగొట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఊరంతా చావు కబురు విన్నట్టే ఉంది.

నాకు గుర్తుండిపోయింది మాత్రం శుక్రవారం. ఎరిత్రియా కుర్రాడు బినియామ్ గిర్మాయ్ రెండో స్థానంలో వచ్చాడు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ రోడ్ రేసులో నల్లజాతి ఆఫ్రికా సైక్లిస్టు పతకం గెలవడం అదే మొదటిసారి. మా పక్కన పది ఇరవైమంది ఎరిత్రియా జెండాలు కప్పుకుని ఏడుస్తూ గెంతులేశారు. ఇతనిదీ రెమ్కో వయసే, 2000 ఏప్రిల్‌లో పుట్టాడు. 2018లో బెల్జియంలోనే జరిగిన ఒక జూనియర్ రేసు స్టేజిలో రెమ్కోని వెనక్కి నెట్టి గెలిచాడు కూడా.

మీ తమ్ముడు చదవాల్సింది ఇతని తొలి రోజుల గురించి. ఎరిత్రియా రాజధాని అస్మారా నుంచి వచ్చి స్విట్జర్లాండ్‌లో ఏగల్ ఊళ్లో ఉన్న యూసీఐ (ప్రపంచ సైక్లింగ్ సంఘం) వరల్డ్ సైక్లింగ్ సెంటర్‌లో చేరాడు. సైక్లింగ్ వ్యవస్థ పెద్దగా లేని దేశాల పిల్లల్ని తీసుకుని యూరప్ రేసుల్లో దించే చోటు అది. 2020లో ఫ్రాన్స్‌లో డెల్కో అనే రెండో శ్రేణి టీమ్ దొరికింది. మరుసటి ఏడాది ఆ టీమ్ డబ్బుల్లేక మూతపడే స్థితికి వచ్చింది. సీజన్ మధ్యలో ఇంటర్మార్షే అనే పై శ్రేణి టీమ్ అతన్ని తీసుకుంది. లూవెన్ రజతం వచ్చింది ఆ తర్వాత కొద్ది వారాలకే. 2022 మార్చిలో బెల్జియంలో జరిగే ఒక్కరోజు రేసు గెంట్-వేవెల్గెమ్ గెలిచాడు, మేలో జిరోలో ఒక స్టేజి గెలిచాడు. అదే రోజు బహుమతి వేదిక మీద ప్రోసెక్కో సీసా బిరడా ఎగిరి కంటికి తగిలి రేసు మానుకోవాల్సి వచ్చింది. గెలిచిన రోజు కూడా క్షేమంగా ఇంటికి వెళ్లనివ్వని ఆట ఇది. 2024లో టూర్ ద ఫ్రాన్స్‌లో మూడు స్టేజీలు, ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నవాడికిచ్చే ఆకుపచ్చ జెర్సీ.

రెమ్కో కూడా నిలదొక్కుకున్నాడనుకోండి. 2022లో బెల్జియం ఒక్కరోజు రేసు లీజ్-బస్తోన్-లీజ్, స్పెయిన్ మూడు వారాల రేసు వుఎల్తా, ప్రపంచ రోడ్ టైటిల్ ఒకే ఏడాది గెలిచాడు. కానీ అతని దారిలో వెళ్లాలంటే అతని ఊపిరితిత్తులు కావాలి. గిర్మాయ్ దారిలో కనీసం మెట్లు కనబడతాయి.

మనవాళ్లలో నవీన్ జాన్ గురించి కూడా చూడమనండి. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదువుతూ సైక్లింగ్‌లోకి వచ్చాడు, తర్వాత బెల్జియం వచ్చి ఇవే కెర్మిస్ రేసులు తొక్కాడు, ఆస్ట్రేలియా కాంటినెంటల్ (మూడో శ్రేణి) టీమ్‌కి ఆడాడు. చదువు మానకుండా మొదలుపెట్టినవాడు కాబట్టి మీ అమ్మానాన్నలకు ఈ పేరు బాగా పనికొస్తుంది.

నా సలహా అడిగారు కాబట్టి: ఇంటర్ పరీక్షలు రాయనివ్వండి, ఇంజనీరింగ్‌లో చేరనివ్వండి. మన దగ్గర జరిగే రాష్ట్ర, జాతీయ రోడ్ రేసులు ఒక్కటీ వదలొద్దు, ఎన్నో స్థానం వచ్చిందని ఇంట్లో అడగొద్దు, ఎన్ని కిలోమీటర్లు గుంపులో ఉన్నావని అడగండి. ప్రో ఒప్పందం దొరికినా కొత్తవాళ్లకి సాధారణంగా రెండేళ్లే, ఆ తర్వాత మళ్లీ మొదటికే. ఏడాది తర్వాత కూడా ఇదే పిచ్చి ఉంటే ఒక వేసవి ఇక్కడికి పంపండి. రెండు నెలల్లో పదిహేను ఇరవై కెర్మిస్‌లు తొక్కొచ్చు, మనసులో ఉన్నది తేలిపోతుంది.

మావాడు పద్దెనిమిదికి రేసులు మానేశాడు, ఇప్పుడు ఇక్కడే యూనివర్సిటీలో చదువుతున్నాడు. వాడి రేసు సైకిల్ గ్యారేజీలో గోడకి వేలాడుతోంది, ఫ్రేమ్ సైజు 54. మీ తమ్ముడి ఎత్తెంతో కామెంట్లో రాయండి, సరిపోతుందో లేదో చెబుతాను.