‘తీశాను’ అన్నవాడి వకాలతు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ మొదటిసారి చదివినప్పుడు పదకొండో పేజీ దగ్గర కోపం వచ్చి పక్కన పడేశాను. గొలుసు దొంగతనం కేసులో ఇరుక్కున్న కుర్రవాడు కోర్టు వరండాలో తన వకీలుతో “తీశానండీ” అంటాడు. నీ వకీలు ఫైలు మూసి, వకాలతు వదులుకుని, తలెత్తుకుని మెట్లు దిగిపోతాడు. పాఠకులు మెచ్చుకోవాలని నీ ఉద్దేశం. ముప్పై ఏళ్లు మేజిస్ట్రేటు కోర్టుల్లో దొంగతనం, మోసం కేసులు వాదించిన నాకు అది పారిపోవడంగానే కనిపించింది.

నిందితుడు నేరం చేశాడని వకీలుకు అనిపించినా అతని తరఫున నిలబడవలసిందేనని బార్ కౌన్సిల్ నియమాల్లో రాసి ఉంది. దొంగ సాక్షిని తెచ్చి నిలబెట్టకూడదు, అంతే. రుజువు చేయవలసిన బరువు ప్రాసిక్యూషన్‌ది. ఆ బరువును వకీలు తన నెత్తికెత్తుకుని, మోయలేక కింద పడేస్తే దాన్ని నీతి అంటామా?

పైగా ‘తీశాను’ అంటే ‘దొంగిలించాను’ అని నీకెవరు చెప్పారు? 1860 నాటి శిక్షాస్మృతిలో 378వ సెక్షన్ కింద ఉన్న ఉదాహరణలు చదువు. ఇప్పుడవి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లో ఉన్నాయి. ఒకడు తన గడియారాన్ని సరిచేయమని దుకాణంలో ఇస్తాడు. బాకీ ఏమీ లేదు. అందరూ చూస్తుండగా లోపలికి వెళ్లి, దుకాణదారు చేతిలోంచి లాక్కుని పోతాడు. దౌర్జన్యం కావచ్చు, దొంగతనం కాదు. అదే మనిషి మరమ్మతు డబ్బు బాకీ ఉండి, దానికి హామీగా దుకాణదారు ఆపుకున్న గడియారాన్ని బాకీ ఎగ్గొట్టడానికి పట్టుకుపోతే దొంగతనం. సొంత గడియారమే! నీ కుర్రవాడు ఏ ఉద్దేశంతో తీశాడో నీ వకీలు అడగలేదు, నువ్వూ అడగలేదు.

మోసం కేసుల్లోనూ ఇంతే. మాట ఇచ్చిన నాడే ఎగ్గొట్టే బుద్ధి ఉండాలి. తరువాత చేతులెత్తేస్తే అది సివిల్ తగాదా. ఇల్లు కట్టిస్తానని డబ్బు తీసుకుని పునాదుల దగ్గర ఆపేసిన మేస్త్రీ ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. ఆయన భార్య ఒక రేకు పెట్టె నిండా రసీదులు తెచ్చింది. ఒక రాత్రంతా ఏరితే ఇనుము కొన్న రసీదు ఒకటి దొరికింది. డబ్బు అందిన మర్నాటి తేదీ. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది, వెనక ఎవరో పిల్లవాడు ఎక్కాలు రాసుకున్నాడు. నా వాదనంతా ఆ కాగితమే. ఆయన బయటపడ్డాడు.

దాని మీద కథ రాస్తే ఒక సంపాదకుడు రసీదు పేరా కొట్టేసి, జడ్జి చేతికి సుత్తి ఇచ్చి అచ్చువేశాడు. మన కోర్టుల్లో జడ్జి సుత్తి కొట్టగా నేను ఒక్కనాడూ చూడలేదు. ఇరవై ఏళ్లయినా ఆ మంట చల్లారలేదు. నీ కథలోనూ ఆ సుత్తి ఉంది, తీసెయ్. 2025లో జరిగిన నేరానికి పాత శిక్షాస్మృతిలోని దొంగతనం, మోసం సెక్షన్లు 379, 420 రాశావు. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు న్యాయ సంహితలోని 303, 318 వస్తాయి. 420 తిట్టుగా మిగిలింది, ఆ నేరాల చార్జిషీటులో లేదు.

నీ కథలోని మూడు పేజీల ఉపన్యాసం కూడా వద్దు. సాక్షుల ఎదుట పోలీసులు రాసే పంచనామా చూపించు. పోలీసులు ‘బంగారు గొలుసు’ అని రాయరు, ‘పసుపు రంగు లోహపు గొలుసు’ అంటారు. పరీక్ష చేయించేదాకా అది బంగారమని వాళ్లు తేల్చలేరు. ఆ కాగితం మీద సాక్షిగా సంతకం చేసిన మధ్యవర్తిని బోనెక్కించి వకీలు చేత ఒక్క ప్రశ్న అడిగించు. నా మొదటి కేసులో నేను అడిగింది ఇదే: “మీరు సంతకం పెట్టేటప్పటికి కాగితం మీద ఎంత రాసి ఉంది?” ఆయన చాలాసేపు తల వంచుకుని నిలబడ్డాడు. చివరికి “ఏమీ రాసి లేదండీ” అన్నాడు.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవి తరువాత చూద్దాం.

కుర్రవాడు పోలీసు వ్యాను ఎక్కుతూ వెనక్కి తిరిగి, “ఆ గొలుసు అమ్మగారికి ఇచ్చేస్తారా?” అని అడుగుతాడే, అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. రెండోసారి చదివింది ఆ మాట కోసమే. నీ కథలో దాన్ని కానిస్టేబుల్ తప్ప ఎవరూ వినలేదు. వకీలును మళ్లీ ఆ మెట్లు ఎక్కించి, అతని చెవిన పడనివ్వు. తిరగరాసి పంపు. వచ్చే నెలంతా ఇంట్లోనే ఉంటాను.