అయ్యగారికి రిట్రీట్... మరి అమ్మగారికి?

ప్రశ్న: మా వారు పాస్టరు. పెళ్ళయి పదమూడేళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు. కోనసీమలో ఒక ఊళ్ళో చర్చి ఆవరణలోనే మా కాపురం. ఇన్నేళ్ళలో మేం నలుగురం కలిసి బయట రెండు రాత్రులు గడిపింది లేదు. మా చెల్లెలి పెళ్ళికి కూడా ప్రమాణాల వేళకు వచ్చి, ఊళ్ళో ఎవరో చనిపోయారని ఫోను రాగానే అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయారు. ఈ నెలాఖరున పాస్టర్లకు అరకులో నాలుగు రోజుల రిట్రీట్ అట. 'ఆరాధన, వాక్య పఠనం, సహవాసం, విశ్రాంతి' అని ఉత్తరంలో రాశారు. ఆ చివరి మాట చూడగానే నాకు ఒళ్ళు మండింది. మాకోసం దొరకని తీరిక తోటి పాస్టర్లతో కొండల్లో కూర్చోవడానికి ఎక్కడి నుంచి వచ్చింది? 'వెళ్ళండి, అక్కడే ఉండిపోండి' అనేశాను. అప్పటి నుంచి వెళ్ళనంటున్నారు. మాట్లాడటమూ తగ్గించారు. రాత్రి ఇంటికి వచ్చాక స్కూటరు ఆపి, హెల్మెట్ కూడా తీయకుండా వేపచెట్టు కింద పది పదిహేను నిమిషాలు అలాగే కూర్చుంటున్నారు. మేం ఆయనకు అంత బరువైపోయామా? మా నాన్నగారితో చెబితే 'దేవుడి పని చేసే మనిషిని విసిగించకమ్మా' అన్నారు. తప్పు నాదేనా?
– ఒక పాస్టరు భార్య

జవాబు: అమ్మా, ఉత్తరం చివర్లో మీరు ఏదో గుర్తొచ్చి చేర్చినట్టు రాసిన వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. హెల్మెట్ తీయకుండా వేపచెట్టు కింద కూర్చోవడం. మీరు బరువైపోయారు కాబట్టే అలా కూర్చుంటున్నారని మీకు అనిపించింది. నాకు అలా అనిపించడం లేదు. ఇంటికి రావడం ఇష్టం లేని మనిషి గేటు దాకా రాడు. దారిలో మరో రెండిళ్ళకు ప్రార్థనకు వెళ్తాడు; ఆ వృత్తిలో సాకులకు కొదవ లేదు. ఈయన గేటు దాటి లోపలికే వస్తున్నారు. ఆ పది నిమిషాలూ ఆయనను ఎవరూ ఏమీ అడగరు. ముఖం కనిపించదు కాబట్టి 'వందనాలు అయ్యగారూ' అని దారిన పోయేవాళ్ళూ ఆగరు. రోజు మొత్తంలో ఆయనకు దక్కుతున్న రిట్రీట్ అదొక్కటే అని నా అనుమానం.

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలం నలభై రోజుల సాయంత్రాలు ఆయనకు ఎలా గడిచాయో నాకంటే మీకే బాగా తెలుసు. రోజుకో ఇంట్లో కూడిక, మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే నాడు మూడు గంటల సేపు సిలువ మీది ఏడు మాటలు, ఈస్టర్ నాడు ఇంకా చీకటి ఉండగానే సమాధుల తోటలో ఆరాధన. వీటి మధ్యలో వచ్చే చావులు, పెళ్ళిళ్ళు, ఆస్పత్రి మంచాలు, అన్నదమ్ముల పొలం తగాదాలు సరేసరి. దీన్నెవరూ పని అనరు, సేవ అంటారు. పనికైతే సెలవు అడగవచ్చు. సేవకు సెలవు అడగాలంటే సంఘ పెద్దలు ఒప్పుకోవడం తర్వాత సంగతి, ముందు ఆయన మనసే ఆయనను నిలదీస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో 'బర్నౌట్' అనే మాటకు నిర్వచనం ఉంది. దాన్ని జబ్బుగా లెక్కించలేదు. పనిచేసే చోట ఎంతకీ తీరని ఒత్తిడి వల్ల కలిగే స్థితిగా చెప్పారు. దానికి మూడు గుర్తులు: శక్తి హరించుకుపోవడం, చేసే పని మీద మనసు విరగడం, ఎంత చేసినా సరిగా చేయలేకపోతున్నానన్న భావన. మిగతా ఉద్యోగాల్లో మనసు విరిగితే పైఅధికారిని నాలుగు తిట్టుకుని ఊరుకుంటారు. పాస్టరుకు ఆ వెసులుబాటు కూడా లేదు. శవం పక్కన నిలబడి ప్రార్థన చేస్తుండగా చూపు గడియారం వైపు పోతే, ఆ రాత్రి ఆయన దేవుడికే మొహం చాటేస్తారు. ఇలాంటివి మీకు చెప్పరు. మీరు బెంగపడతారని కొంత, 'పాస్టరై ఉండి ఇదేమిటి' అంటారేమోనని కొంత.

రిట్రీట్ అంటే ఏదో విహారయాత్ర అన్న అభిప్రాయం మీ ఉత్తరంలో ఉంది. అరకు పేరు వినగానే ఎవరికైనా కాఫీ తోటలూ, బొర్రా గుహలూ, అద్దాల కిటికీల రైలూ గుర్తుకు రావడం సహజమే. అక్కడ జరిగేది మరొకటి. పెళ్ళిలో వడ్డన చేసే మనిషిని మీరు చూసే ఉంటారు. ఆకు ఆకుకీ తిరిగి 'ఇంకొంచెం వేసుకోండి' అంటూ ఉంటాడు, చివరి పంక్తి లేచేసరికి ఆకలి చచ్చిపోయి ఇంత పెరుగన్నంతో సరిపెట్టుకుంటాడు. ఏటా యాభై రెండు ఆదివారాలూ పాస్టరు తిండి ఇదే. రిట్రీట్‌లో ఆయన కూర్చుంటారు, మరొకరు వడ్డిస్తారు. పాట ఎవరో ఎత్తుకుంటారు, ఈయన వెనక బెంచీలో కూర్చుని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తిరగేస్తూ గొంతు కలిపితే చాలు. సంస్కారపు రొట్టె వేరొకరు ఈయన చేతిలో పెడతారు. ఏళ్ళ తరబడి వందల చేతుల్లో రొట్టె పెట్టిన మనిషికి, తన చెయ్యి చాచి పట్టడం ఎలా ఉంటుందో వెళ్ళి వచ్చాక ఆయననే అడగండి.

చదువు విషయమూ అంతే. పాస్టరు బైబిలు తెరిస్తే ఒక కన్ను ఎప్పుడూ వచ్చే ఆదివారం మీదే ఉంటుంది: ఈ మాట ప్రసంగానికి పనికొస్తుందా, ఆ పోలిక జనానికి ఎక్కుతుందా అని. వంటవాడు కూరగాయల బజారులో నడిచినట్టన్నమాట. ఎవరికీ ఏమీ చెప్పాల్సిన అవసరం లేకుండా ఒక అధ్యాయం చదువుకోవడం ఆయనకు దాదాపు మరిచిపోయిన సుఖం అయి ఉంటుంది.

ఇక సహవాసం. దీని గురించి కొంచెం కటువుగానే చెబుతాను. పది మంది పాస్టర్లు ఒకచోట చేరితే మొదటి గంట ఆత్మీయంగా గడిచి, రెండో గంటలో ఎవరికి ఏ ఊరు బదిలీ అన్న కబుర్లు మొదలయ్యే ప్రమాదం ఉంది. రాత్రి భోజనాలయ్యాక ఆ గుంపులో కూర్చుంటే ఆయన వెళ్ళిన దానికంటే ఎక్కువ అలిసిపోయి తిరిగివస్తారు. నమ్మకమైన ఒక్క స్నేహితుడు చాలు. సెమినరీలో తనతో ఒకే గదిలో ఉన్నవాళ్ళు ఎవరైనా వస్తున్నారేమో కనుక్కోమనండి. తనను 'అయ్యగారూ' అనకుండా పేరు పెట్టి 'ఒరేయ్' అని పిలిచే మనిషితో రెండు కిలోమీటర్లు నడిస్తే బయటికి వచ్చే మాటలు, సలహాలిచ్చే నాలాంటి వాళ్ళ దగ్గర రావు.

కతోలిక గురువులకు ఇది ఇష్టాయిష్టాల ప్రసక్తే కాదు. 1983 నాటి వాళ్ళ చర్చి చట్టంలో 276వ సూత్రం రిట్రీట్‌ను గురువు విధుల్లో ఒకటిగా చెబుతుంది. 283వ సూత్రం ఏటా సెలవుకు వారికి హక్కు ఉందంటుంది. అంటే రిట్రీట్ వేరు, సెలవు వేరు, రెండూ కావాలి. వాళ్ళకు ఇంట్లో భార్యాపిల్లలు లేరు కాబట్టి 'మరి మా సంగతేమిటి' అని అడిగేవాళ్ళూ లేరు. పెళ్ళయిన పాస్టర్లున్న సంఘాలు రిట్రీట్‌ను అలవాటు చేసుకున్నాయి కానీ, ఆ నాలుగు రోజులూ ఇంటి దగ్గర మిగిలిపోయే మనిషి గురించి పెద్దగా ఆలోచించినట్టు లేదు. మీ కోపం పుట్టింది ఇక్కడే. అది న్యాయమైన కోపం, అమ్మా. కాకపోతే వెళ్ళాల్సిన చోటికి వెళ్ళకుండా ఎదురుగా దొరికిన మనిషికి తగిలింది.

మీ నాన్నగారి మాట గురించి. పెద్దవారు, మీ మంచి కోరే చెప్పి ఉంటారు. ఆయన తప్పకుండా చదివే ఉండే ఒక అధ్యాయాన్ని గుర్తు చేయండి: బైబిల్లో నిర్గమకాండం పద్దెనిమిది. మోషే ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చుని జనం తగాదాలు తీరుస్తుంటాడు. అది చూసి, నువ్వు చేస్తున్నది మంచి పని కాదు, ఇలాగైతే నువ్వూ నలుగుతావు, ఈ జనమూ నలుగుతారు అని మొహమాటం లేకుండా చెప్పింది ఎవరు? మామగారు. ఆ యిత్రో కూడా మిద్యానులో యాజకుడే, దేవుడి పని అంటే ఏమిటో తెలియనివాడు కాదు. వేయిమందికీ, వందమందికీ, యాభైమందికీ, పదిమందికీ పెద్దలను పెట్టి పని పంచమన్నాడు. ఇంత వరకు అందరూ ప్రసంగాల్లో చెబుతారు. అదే అధ్యాయం మొదట్లో ఉన్న సంగతి మాత్రం తక్కువగా వినిపిస్తుంది: మోషే తన భార్య సిప్పోరాను అంతకు ముందే పుట్టింటికి పంపేసి ఉన్నాడు. ఆమెనూ ఇద్దరు కొడుకులనూ వెంటబెట్టుకుని అరణ్యంలోకి వచ్చినవాడు ఈ మామగారే. మోషే ఎదురు వెళ్ళి మామగారికి వంగి నమస్కరించాడు, ముద్దు పెట్టుకున్నాడు, క్షేమం అడిగాడు, జరిగినదంతా చెప్పాడు. భార్యతో ఏం మాట్లాడాడో మాత్రం ఒక్క ముక్క లేదు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు గుర్తొచ్చింది సిప్పోరాయే.

మీ ఉద్యోగం సంగతి చూడండి. ఆయనకు అభిషేకం ఉంది, ఎంతో కొంత జీతం ఉంది, ఇప్పుడొక రిట్రీట్ కూడా వచ్చింది. మీకు 'అమ్మగారు' అన్న పిలుపు తప్ప ఏదీ లేదు. తలుపు ఎవరు తట్టినా టీ పెట్టాలి, చర్చి తాళాలు చూసుకోవాలి, సండే స్కూలు పాఠం, స్త్రీల కూడిక, సంస్కారపు బల్ల మీది గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేయడం – మీరు రాయలేదు గానీ ఇవన్నీ మీవే అయి ఉంటాయని ఊహిస్తున్నాను. నిత్య నైవేద్యం ఆగకూడదని ఊరు దాటని అర్చకుల ఇళ్ళలోనూ ఇదే వింటుంటాను. దేవుడి వాకిట్లో కాపురం ఉన్న ఆడవాళ్ళకు ఇంటికీ గుడికీ మధ్య గోడ ఉండదు.

కాబట్టి ఆయనను వెళ్ళనివ్వండి. తెలుగింట్లో గడప దాటే మనిషితో 'వెళ్ళండి' అనం, 'వెళ్ళి రండి' అంటాం. ఆ రోజు కోపంలో మీరు ఆ 'రండి'ని మింగేశారు. ఆయన పట్టుకుని కూర్చున్నది దాన్నేనేమో. పెద్ద క్షమాపణలేవీ వద్దు. రాత్రి పిల్లలు పడుకున్నాక 'అరకు వెళ్ళి రండి, మీరు వచ్చాక మనం మాట్లాడుకోవాలి' అంటే చాలు.

అయితే ఆ నాలుగు రోజులూ చర్చి ఆవరణకు మీరు కాపలా ఉండకండి. నెలాఖరుకు బడులకు వేసవి సెలవులు ఇచ్చేస్తారు. పిల్లలను తీసుకుని పుట్టింటికి వెళ్ళండి. తాళాలు సంఘ కార్యదర్శికి ఇవ్వండి. చుట్టుపక్కల పాస్టర్లందరూ రిట్రీట్‌లోనే ఉంటారు కాబట్టి, ఎవరైనా చనిపోతే భూస్థాపనకు దగ్గర్లోని రిటైరైన పాస్టరు ఒకరిని ముందే అడిగి, ఆయన నంబరు సంఘ పెద్దలకు ఇవ్వమనండి. ఈ ఏర్పాటు కాకుండా బయలుదేరితే రెండో రోజుకే ఆయన బస్సులో వెనక్కి వస్తారు, మీ చెల్లెలి పెళ్ళి నుంచి వెళ్ళిపోయినట్టే.

ఫోను గురించి ముందే ఒక మాట అనుకోండి. మార్కు సువార్త ఆరో అధ్యాయంలో, తినడానికి కూడా తీరిక లేని శిష్యులను కాస్త అలసట తీర్చుకోమని యేసు పడవలో ఏకాంతానికి తీసుకెళ్తాడు. తీరా చూస్తే జనం కాలినడకన పరుగెత్తి వాళ్ళకంటే ముందే ఆ ఒడ్డుకు చేరి ఉన్నారు. విశ్రాంతి కాస్తా అయిదు వేల మంది భోజనాల ఏర్పాటుగా మారింది! ఇప్పుడు ఎవరూ పరుగెత్తక్కర్లేదు, ఒక్క కాల్ చాలు. రాత్రి ఎనిమిదింటికి పిల్లలతో మాట్లాడటానికి తప్ప ఫోను ఆపేయమనండి. ఆ మాటల్లోకి సంఘం సంగతులు మీరు కూడా తేకండి. మొదటి రోజంతా ఆయన పడుకునే ఉన్నారని తెలిస్తే నవ్వకండి. బైబిల్లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతే బాగుండునని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ఆయనకు ఉపదేశమేమీ చేయలేదు, రెండుసార్లు లేపి అన్నం పెట్టాడు.

ఇవన్నీ చేసినా, తిరిగి వచ్చిన రెండు వారాలకు కూడా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం కనిపిస్తే, దాన్ని అలసట అని సరిపెట్టుకోకండి. చనిపోవాలన్న మాట ఆయన నోట వస్తే మాత్రం రెండు వారాలు కాదు, ఒక్క రోజు కూడా ఆగవద్దు. మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పాస్టరు డాక్టరు దగ్గరకు వెళ్ళడం విశ్వాసం తగ్గడం కాదు. ఈ మాట ఆయనే ఎన్ని ఇళ్ళలో చెప్పి ఉంటారో!

ఆయన వచ్చాక మీరు మాట్లాడుకోవాల్సిన మొదటి సంగతి సోమవారం. ఆదివారం మిగతా ప్రపంచానికి సెలవు, మీ ఇంట్లో అదే అన్నిటికంటే పెద్ద పనిదినం. కాబట్టి సోమవారం మీది. చావు, ప్రాణాపాయం తప్ప మరే పనీ ఆ రోజు గేటు దాటి లోపలికి రాకూడదని సంఘ పెద్దలకు ఆయనే చెప్పాలి, మీ చేత చెప్పించకూడదు. మొదటి నెల కొందరు ముఖం మాడ్చుకుంటారు. మాడ్చుకోనివ్వండి. ఏడాదికి ఒకసారి నలుగురూ కలిసి రెండు రాత్రులు బయట గడిపే తేదీ కూడా అప్పుడే క్యాలెండరు మీద రాసేయండి. దూరం అక్కర్లేదు, మీకు గోదావరీ సముద్రమూ పక్కనే ఉన్నాయి. మీలాంటి పాస్టర్ల భార్యలు నలుగురైదుగురు సంతకాలు పెట్టి, వచ్చే ఏడు దంపతులకు కలిపి రిట్రీట్ పెట్టమని బిషప్ గారికి ఉత్తరం రాయండి. మీరు ఈ ఉత్తరం రాసిన తీరు చూస్తే ఆ పని మీకు కష్టం కాదు.

ఇంకొక్కటి. ఆయన అరకు నుంచి వచ్చే రోజుకు మీరు ఇంట్లో ఉండకండి, పుట్టింట్లోనే మరో రోజు ఆగండి. తాళం తీసుకుని, టీ తనే పెట్టుకుని, ఆ ఖాళీ ఇంట్లో ఒక పూట కూర్చోనివ్వండి. పంచదార డబ్బా ఎక్కడుందో మాత్రం ఫోనులో చెప్పండి, ఆయనకు తెలిసి ఉండదు.