మెట్ల మీద మంచుకు జారిపడితే

చిరంజీవి శ్రావణికి, బాబాయి ఆశీస్సులు.

వదిన మీ న్యూజెర్సీ అపార్ట్‌మెంట్ మెట్ల మీద పడ్డారని తెలిసి చాలా బాధేసింది. వాపు తగ్గుతుందేమో చూద్దామని ఆగకు, ఈ రోజే ఎక్స్‌రే తీయించు. ఎక్కడ, ఎలా పడ్డారో డాక్టరుకు చెప్పి రాయించు. ఆలస్యమైతే దెబ్బ ఇంకెక్కడో తగిలిందని అపార్ట్‌మెంట్ యజమాని ఇన్సూరెన్స్ వాళ్లు వాదిస్తారు.

మెట్లు, వరండాలు, పార్కింగ్ లాంటి ఉమ్మడి చోట్లు సురక్షితంగా ఉంచాల్సింది యజమానే. చుట్టంగా వచ్చిన వదినకూ ఆ రక్షణ ఉంది. అయితే పడినంత మాత్రాన పరిహారం రాదమ్మా. ప్రమాదం సంగతి యజమానికి తెలుసనో, తెలిసి ఉండాల్సిందనో, సరిచేసే వ్యవధి ఉన్నా చేయలేదనో మనం చూపించాలి. మంచు ఇంకా కురుస్తుండగా పడితే కేసు బలహీనం. కురవడం ఆగాక తగినంత సమయం గడిస్తేనే వాణిజ్య ఆస్తుల యజమానుల బాధ్యత మొదలవుతుందని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. అదే, చూరు అంచున వాననీళ్లు పోయే గటర్ పగిలి, దాని నుంచి కారిన నీళ్లు రోజూ ఆ మెట్టు మీదే గడ్డకడుతుంటే కథ వేరు. అందుకే ఆ మంచు అక్కడికి ఎలా వచ్చిందో ముందు వెతుకు.

కరిగిపోకముందే ఫోటోలు తియ్యి: దూరం నుంచి మెట్ల వరుస, దగ్గర నుంచి ఆ మెట్టు, పైన గటర్, రెయిలింగ్, లైటు. వదిన బూట్లు కడగకుండా కవర్లో దాచు. చూసినవాళ్ల ఫోన్ నంబర్లు తీసుకో. ఇదివరకు గటర్ గురించి మీరు గానీ పక్కింటివాళ్లు గానీ చేసిన ఫిర్యాదులుంటే, యజమానికి తెలుసనడానికి అంతకంటే మంచి రుజువు దొరకదు.

అపార్ట్‌మెంట్ ఆఫీసుకు ఈమెయిల్ పంపు. తేదీ, వేళ, చోటు, దెబ్బ, అంతే. సీసీ కెమెరా దృశ్యాలు చెరపకుండా ఉంచమని అందులోనే అడుగు, కొన్నిచోట్ల అవి కొద్ది రోజులకే పోతాయి. "పరవాలేదండీ, మేమే చూసుకోలేదు" అని మాత్రం అనొద్దు. మనవాళ్లు మర్యాదకు అనే ఆ మాటనే తర్వాత ఒప్పుకోలుగా చూపిస్తారు. తప్పులో వదిన వాటా 50 శాతం దాటితే ఏమీ రాదు, దాటకపోతే ఆ మేరకు కోసేస్తారు. యజమాని ఇన్సూరెన్స్ వాళ్లు ఫోన్‌లో రికార్డు చేస్తామంటే లాయరును అడిగాకే మాట్లాడు.

దావాకు గడువు మామూలుగా 2 ఏళ్లు. ఇల్లు ప్రభుత్వ హౌసింగ్ సంస్థదైతే 90 రోజుల్లోనే నోటీసు ఇవ్వాలి. లాయర్లు సాధారణంగా డబ్బు వస్తేనే, దాదాపు మూడో వంతు తీసుకుంటారు. ఓడితే కోర్టు ఖర్చులు ఎవరివో సంతకానికి ముందే తేల్చుకో. వదిన ఊరికి వెళ్లేలోపే లాయరును కలవండి. ఇక్కడ చేయించే ఫిజియోథెరపీ బిల్లులన్నీ నేను దాచిపెడతాను.

మీ బాబాయి