పోస్ట్‌హేస్ట్: ఓ కొత్త అనువాదకుడికి ఉత్తరం

చిరంజీవికి,

నువ్వు పంపిన అధ్యాయం చదివాను. సంభాషణలు బాగా కుదిరాయి. కానీ నాలుగో పేజీలో దూత ‘పోస్ట్‌హేస్ట్’, అంటే హుటాహుటిన, బయల్దేరితే నువ్వు ‘తర్వాత తొందరగా వెళ్లాడు’ అని రాశావు. పోస్ట్‌మార్టంలో ‘తర్వాత’ అనే అర్థంలో ఉన్న పోస్ట్ కాదయ్యా ఇది! లాటిన్‌లో ‘ఉంచినది’ అనే అర్థమున్న మాట ఇటాలియన్, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. దారి పొడవునా అక్కడక్కడ గుర్రాలనీ మనుషుల్నీ సిద్ధంగా ఉంచేవాళ్లు, అదీ పోస్టు, మన మాటలో అంచె. ఆ గుర్రమెక్కి ఉత్తరం మోసేవాడికీ అదే పేరు పడింది.

పదహారో శతాబ్దపు ఇంగ్లండులో అర్జెంటు ఉత్తరం పైన, చిరునామాతో పాటు, ‘హేస్ట్, పోస్ట్, హేస్ట్’ అని రాసేవాళ్లు. ‘త్వరగా, ఓ అంచెవాడా, త్వరగా’ అని ఆజ్ఞ. మరీ ముఖ్యమైతే ‘ప్రాణం మీద ఆశ ఉంటే’ అని చేర్చేవాళ్లు. కొన్నిటి మీద ఉరికంబం బొమ్మే గీసేవాళ్లు. ప్రతి అంచెలోనూ ఉత్తరం చేరిన వేళ దాని మీదే రాయాలి, జాప్యం ఎక్కడ జరిగిందో పట్టుకోడానికి. ఎలిజబెత్ రాణి కాలపు నిబంధన ఇంకా గట్టిది: ఉత్తరం అందిన పావుగంటలో మళ్లీ కదలాలి, వేసవిలో గంటకు 7 మైళ్లు, చలికాలంలో 5.

ఈ లెక్క తెలిసుంటే, దూత ‘తెల్లారేసరికి’ యార్క్ చేరాడని మూలంలో లేని మాట నువ్వు కలిపేవాడివి కాదు. లండన్ నుంచి యార్క్ సుమారు 200 మైళ్లు. వేసవిలో ఎక్కడా ఆగకపోయినా 28 గంటలు దాటుతుంది. నీ కథలో మంచు కురుస్తోంది!

పాత మాటను తెలుగు చేసే ముందు అది ఏ కాలంలో, ఎవరి నోట వచ్చిందో చూడు. ట్యూడర్ రాజుల నాటి, అంటే ఆ పదహారో శతాబ్దపు దూత అయితే ‘అంచెగుర్రాల మీద హుటాహుటిన’ అను. అంచె మనకున్న మాటే. పత్రికల్లో దాన్ని కొట్టేసి ‘వాయువేగంతో’ అని దిద్దే సంపాదకులున్నారు, పాఠకుడికి తెలియదట! అంచెలంచెలుగా అని రోజూ అనేవాడికి అంచె తెలియదా? అలాంటి దిద్దుబాటుకు ఒప్పుకోకు. గుర్రాలు పోయాక, అంటే రైళ్ల కాలం కథలో, ‘పోస్ట్‌హేస్ట్’ అంటే ఉత్త తొందర. అక్కడ ‘హుటాహుటిన’ చాలు, గుర్రాన్ని తేవద్దు. షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ మొదటి రంగంలో అది నామవాచకం, యుద్ధ సన్నాహాల హడావిడి. అక్కడ అంచె అంటే తప్పే.

ఏడో పేజీలో ఉత్తరం మీది ఆ బొమ్మను ‘ఏదో గుర్తు’ అని దాటేశావు. అది ఉరికంబం. సరిచేసి రెండు పేజీలూ మళ్లీ పంపు.

ఆశీస్సులతో.