లీజుకిచ్చిన షెడ్డులో గ్యాస్ హీటర్లు: స్టాంపు కాగితం సరిపోతుందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి దగ్గర పల్లె. రోడ్డు పక్కనున్న మా రేకుల గోడౌన్‌ను కోళ్ల దాణా నిల్వకని ఐదేళ్లకు లీజుకిచ్చాను. నోటరీ చేయించాం, రిజిస్టర్ చేయించలేదు. ఇప్పుడాయన సగం షెడ్డులో కోడిపిల్లలు పెంచుతారట. వాటి వెచ్చదనానికి పైనుంచి గ్యాస్ రేడియంట్ ట్యూబ్ హీటర్లు వేలాడదీస్తామంటున్నారు. ఏం జరిగినా బాధ్యత తనదేనని స్టాంపు కాగితం మీద రాసిస్తారట. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఆ ఒక్క కాగితాన్ని నమ్ముకుని ఒప్పుకోకండి. అది మీ ఇద్దరి మధ్య మాట. మీకు నష్టం వస్తే ఆయన దగ్గర రాబట్టుకునే హక్కు 1872 కాంట్రాక్టు చట్టం 124వ సెక్షన్ కింద మీకుంటుంది, అంతే. కాలిపోయిన పనివాడి కుటుంబమో, పక్క షాపువాళ్లో మీ మీద దావా వేస్తే ఆ కాగితం దాన్ని ఆపజాలదు. ఇక క్రిమినల్ బాధ్యతను ఎవరూ ఎవరికీ రాసివ్వలేరు. నిప్పు విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ ఉంది. ప్రాణం పోతే 106 కింద అయిదేళ్ల వరకు జైలు. షెడ్డు మీదైనంత మాత్రాన మీరు నేరస్థులు కారు. కానీ ప్రమాదమని తెలిసీ ఊరుకున్నారని ఆధారం దొరికితే దర్యాప్తు మీ గడప దాకా వస్తుంది.

మీ చేతిలో ఒక బలం ఉంది. లీజు దాణా నిల్వకు ఇచ్చారు. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం దాన్ని వేరే పనికి మార్చాలంటే మీ ఒప్పుదల కావాలి. కానీ ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేకపోతే అందులోని షరతులకు రుజువుగా ఆ పత్రాన్ని కోర్టు తీసుకోదు. కాబట్టి కొత్త లీజు రిజిస్టర్ చేయించి, హీటర్ల షరతులన్నీ అందులోనే రాయించండి.

ఏం రాయించాలి? ఈ హీటరులో ఒక చివర బర్నరు, దాని మంట పొడవాటి ఉక్కు గొట్టంలోకి పోతుంది, పైనున్న రిఫ్లెక్టరు వేడిని కిందికి మళ్లిస్తుంది. ఆ వేడి గాలికన్నా ఎదురుగా ఉన్న వస్తువులకే తగులుతుంది. మీ షెడ్డులో ఆ వస్తువులు దాణా బస్తాలు, ఊక, పరదాలు. అవి ఎంత దూరంలో ఉండాలో తయారీదారు మాన్యువల్లో కొలతలతో ఉంటుంది. ఆ కొలతలు లీజులోకి ఎక్కాలి, బస్తాలు పేర్చదగ్గ ఎత్తు గోడ మీద పెయింటుతో రాయాలి. గొట్టం వేడికి సాగుతుంది కనుక గ్యాస్ లైనుకు కంపెనీ చెప్పిన ఫ్లెక్సిబుల్ కనెక్టరే వాడాలి. హీటరు బరువు గొలుసుల మీద పడాలి, గ్యాస్ పైపు మీద పడకూడదు. ఆ బరువును మీ పైకప్పు మోస్తుందని ఇంజనీరు చేత రాయించుకోండి.

నాకు ఎక్కువ భయం రాత్రి గురించి. చలికని పరదాలు దించేస్తారు, కోడిపిల్లల్ని చూసుకోవడానికి పనివాళ్లు అక్కడే పడుకుంటారు. పొగ గొట్టం బయటికి లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలే నిండుతుంది. దానికి రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం పోవచ్చు. పొగ బయటికే పోవాలని, గాలి వచ్చే దారులు మూయకూడదని, షెడ్డులో ఎవరూ పడుకోకూడదని తప్పక రాయించండి. ఈ మూడింటిలో దేనికీ బేరం వద్దు.

సిలిండర్లు షెడ్డు బయట, ఎల్‌పీజీ నిల్వకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 6044 ప్రకారం ఉండాలి. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది, లీక్ డిటెక్టరును నేలకు దగ్గరగా పెట్టాలి. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్లు పెడితే నిత్యావసర వస్తువుల చట్టం కింద కేసు. నిల్వ 100 కిలోలు దాటితే 2016 గ్యాస్ సిలిండర్ల నియమాల కింద లైసెన్సు కావాలి. 47.5 కిలోలవి రెండుంటే 95 కిలోలు, మూడోది వస్తే హద్దు దాటినట్టే.

షెడ్డుకు ఫైర్ ఇన్సూరెన్సు ఉంటే కంపెనీకి ముందే రాసి సమ్మతి తీసుకోండి. ప్రమాదం పెరిగేలా వాడకం మార్చి చెప్పకపోతే క్లెయిము తిరస్కరించడానికి పాలసీలోనే షరతు ఉంటుంది.

రిజిస్ట్రేషనుకు ఆయన ఒప్పుకోకపోతే, హీటర్లకు మీ సమ్మతి లేదని స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. రసీదు, నకలు దాచుకోండి. అయినా బిగిస్తే ఆలస్యం చేయకుండా కావలి సివిల్ కోర్టులో ఇంజంక్షన్‌కు, అంటే ఆ పని ఆపించే ఉత్తర్వుకు, వెళ్లండి.