వేడెక్కితే పట్టేస్తున్న ముందు డిస్క్ బ్రేక్

అన్నా, మీ 1970ల హోండా సీబీ 750 చెన్నై ట్రాఫిక్‌లో కాసేపు నడిస్తే ముందు చక్రం పట్టేస్తోందని, చల్లారాక వదిలేస్తోందని రాశారు. అప్పుడే కాలిపర్ (డిస్క్‌ను ప్యాడ్‌లతో పట్టే భాగం) విప్పొద్దు.

ఈసారి పట్టేసినప్పుడే కాలిపర్ మీద ఫ్లూయిడ్ వదిలే చిన్న స్క్రూ, అదే బ్లీడ్ నిపుల్, కొంచెం వదులు చేయండి. ముఖం దూరంగా పెట్టుకోండి, ఫ్లూయిడ్ చిమ్ముతుంది. చక్రం ఫ్రీ అయిందంటే ప్రెషర్ వెనక్కి వెళ్లడం లేదన్నమాట. నా అనుమానం మాస్టర్ సిలిండర్ మీదే, అంటే హ్యాండిల్ మీద లివర్ దగ్గర ప్రెషర్ పుట్టించే భాగం. దాని రిజర్వాయర్ (ఫ్లూయిడ్ గిన్నె) అడుగున రెండు రంధ్రాలుంటాయి, ఒకటి సూది మొనంత. పాత ఫ్లూయిడ్ జిగురు దాన్నే మూసేస్తుంది. మూత తీసి లివర్ మెల్లగా నొక్కితే అక్కడ ఫ్లూయిడ్ సన్నగా పైకి ఎగదన్నాలి. అది కనబడకపోతే సన్నటి తీగతో శుభ్రం చేయండి. రంధ్రం బాగానే ఉంటే లోపల ఉబ్బిపోయిన రబ్బర్ హోస్ మార్చాలి.

నిపుల్ వదిలినా చక్రం కదలకపోతే కాలిపర్‌లో ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ తుప్పు పట్టి ఉంటుంది, లేదా కాలిపర్ ఆర్మ్ తిరిగే పిన్ బిగుసుకుపోయి ఉంటుంది. ఈ మోడల్‌లో రెండోదాన్ని చాలామంది చూడరు. హోస్ విప్పకముందే లివర్ కొడుతూ పిస్టన్‌ను బయటికి తెచ్చుకోండి, తర్వాత మహా కష్టం.

పుదుపేటలో (చెన్నైలో పాత విడిభాగాల బజారు) పాత కాలిపర్ దొరికితే తీసుకోండి, సీల్స్ మాత్రం కొత్తవే వేయాలి. కడగడానికి పెట్రోల్ వద్దు, రబ్బర్ ఉబ్బుతుంది. సీల్ విప్పని డాట్ 3 లేదా డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బానే వాడండి. ట్యాంక్ మీద తడిగుడ్డ కప్పండి, ఒక్క చుక్క పడినా పెయింట్ లేచిపోతుంది.